పందెపు నియమం

(డయోసిస్ శతవార్షికోత్సవ కూటములలో పురుషుల సహవాస దినమున చేసిన ప్రసంగ పాఠము)





నేను వేదాంత విద్య చదివినవాణ్ణి కాను. ముప్పైమూడేళ్ళు హైస్కూళ్ళలో డ్రిల్లు మాస్టారుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఈల ఊదడం తెలుసు గాని ప్రసంగం చేయడం తెలియదు. సహవాసం కార్యదర్శిగారు మా ఇంటికి వచ్చి, "మాస్టారూ, మీకు విశ్వాసపు పరుగు అనే అంశం ఇచ్చాం. మీ జీవితమంతా ఆ పనే గదా" అన్నారు. సంతోషంగా ఒప్పుకున్నాను. ఆయన కాఫీ తాగి వెళ్ళిన తరువాత బైబిలు తెరిచి, మొదటి కొరింథీ పత్రిక తొమ్మిదో అధ్యాయంలో చివరి నాలుగు వచనాలు చదివాను. ఆఖరి మాట దగ్గర ఆగిపోయాను. వారం రోజులు అక్కడే ఆగి ఉన్నాను. ఎందుకు ఆగానో తరువాత చెబుతాను. ముందు మనమందరం కలిసి పౌలు చూసిన మైదానం దగ్గరికి వెళ్దాం.

కొరింథుకు తూర్పు దిక్కున, పది మైళ్ళ లోపులో, ఇస్త్మియా అనే చోటు ఉంది. రెండు సముద్రాల మధ్య సన్నని నేల అది. అక్కడ పొసైదోను అనే సముద్ర దేవతకు గుడి కట్టి, ఆ దేవత పేర రెండేళ్ళకోసారి ఆటల పోటీలు జరిపేవారు. ఒలింపియాలో నాలుగేళ్ళకోసారి జరిగే ఆటల తరువాత గ్రీకు దేశంలో పేరుపొందిన పోటీలలో ఇవీ ఉన్నాయి. పౌలు కొరింథులో ఏడాదిన్నర ఉన్నాడని అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయం చెబుతుంది. అప్పుడు గల్లియో అక్కడ అధిపతి. డెల్ఫీలో దొరికిన ఒక రాతి శాసనాన్ని బట్టి గల్లియో కాలం క్రీ.శ. 51-52 ప్రాంతమని తేలింది. ఆ లెక్కన 51వ సంవత్సరంలో జరిగిన ఆటల సమయానికి పౌలు ఆ ఊళ్ళోనే ఉండి ఉండాలని పండితులంటారు. ఆయన అకుల, ప్రిస్కిల్లలతో కలిసి డేరాలు కుట్టి బ్రతికినవాడు. వేలకొద్దీ జనం వచ్చి ఆరుబయట దిగే తిరునాళ్ళకు డేరాలు అవసరం కాకుండా ఉంటాయా? పౌలు చేతి సూది ఆ వారం తీరిక లేకుండా ఆడి ఉంటుందని నా ఊహ. ఇది వాక్యంలో లేదు, నా ఊహ మాత్రమే.

ఇంతకీ ఆ పోటీలలో గెలిచినవాడికి ఏమిచ్చేవారు? పైను చెట్టు కొమ్మలతో చుట్టిన కిరీటం. కొంతకాలం అదీ కాదు, ఎండిన సెలరీ ఆకు. సెలరీ అంటే మన కొత్తిమీర జాతి మొక్కే. నవ్వకండి. ఎండిన ఆకు కోసం నెలల తరబడి ఒళ్ళు హూనం చేసుకునేవారు. ఒలింపియాకు వెళ్ళేవాడైతే పది నెలలు నియమం తప్పకుండా సాధన చేశానని దేవత ముందు ప్రమాణం చేయాలి. ఆకుల కిరీటం తలమీద పెట్టేసరికే వాడిపోవడం మొదలుపెడుతుంది. అందుకే పౌలు, వాళ్ళు వాడిపోయేదాని కోసం అంత ఓర్చుకుంటే వాడిపోనిదాని కోసం మనమెంత ఓర్చుకోవాలో చూడండని కొరింథు సంఘంవారిని అడిగాడు. వారికి ఎవరూ వివరించనక్కరలేదు. ఆ ఆకుల వాసన వారికి తెలుసు.

ఒక విషయం నాకు ఆశ్చర్యం. ఆ ఆటలు అన్యదేవత పేర జరిగేవి. యెరూషలేములో గ్రీకు వ్యాయామశాల కట్టినప్పుడు భక్తిగల యూదులకు ఎంత మనస్తాపం కలిగిందో మక్కబీయుల గ్రంథాలు చదివినవారికి తెలుసు. పౌలు పరిసయ్యుడు, పరిసయ్యుని కుమారుడు. అయినా ఆ మైదానాన్నే ఉపమానంగా తీసుకున్నాడు. మన పెద్దలు కూడా కోలాటం బాణీలో, బుర్రకథలో సువార్త చెప్పినవారే గదా.

ఇక డ్రిల్లు మాస్టారుగా నాకు తెలిసిన సంగతి ఒకటి చెప్పనివ్వండి. హెబ్రీ పత్రిక పన్నెండో అధ్యాయం మొదట్లో పరుగెత్తేవాడు రెండింటిని విడిచిపెట్టాలని ఉంది. ఒకటి బరువు, రెండోది పాపం. ఈ రెంటినీ వేరువేరుగా ఎందుకు చెప్పాడు? చిన్నప్పుడు నాకు అర్థం కాలేదు. మా స్కూలు పిల్లవాడొకడు అర్థమయ్యేలా చేశాడు. వాడికి మంచి కాళ్ళున్నాయి. కాని పరుగెత్తుతుంటే గలగలమని చప్పుడు. లాగు జేబునిండా గోలీలు! "తీసి అవతల పెట్టరా" అంటే ఎవరైనా ఎత్తుకుపోతారని భయం. ఒక చెయ్యి జేబు మీద అదిమిపెట్టి, ఒక్క చెయ్యే ఊపుకుంటూ పరుగెత్తేవాడు. గోలీలు పాపం కాదు. గోలీలాడితే నరకానికి పోరు. కాని జేబులో గోలీలుండగా పందెం గెలవలేరు. మనలో చాలామందికి అడ్డం వచ్చేవి పెద్ద పాపాలు కావు, ఈ గోలీలే. పొలం గట్టు తగాదా ఒక గోలీ. కూతురి పెళ్ళిలో ఫలానావారు సరిగ్గా పలకరించలేదన్నది ఒక గోలీ. నా మటుకు నాకు పొద్దున్నే లేచి బైబిలు కంటె ముందు వార్తాపత్రిక తెరవడం ఒక గోలీ. ఇప్పుడు పత్రిక పోయి సెల్ ఫోను వచ్చింది, గోలీ మాత్రం అలాగే ఉంది.

మా పిల్లల్లో ఇంకో జబ్బు, పరుగెత్తుతూ పక్కవాడి వైపు చూడడం. నేలమీద సున్నంతో గీతలు గీసి ఎవరి దారి వారికిచ్చినా చూపు పక్క గీతలోనే. తల తిప్పితే భుజం తిరుగుతుంది, భుజం తిరిగితే అడుగు వంకరపోతుంది. నేను గీత చివర నిలబడి, "నన్ను చూడరా, నన్ను చూడు" అని అరిచేవాణ్ణి. హెబ్రీ పత్రిక ఆ తరువాతి వచనంలో చెప్పేది ఇదే. మన చూపు యేసు వైపు ఉండాలి. పక్క సంఘానికి ఎంత కానుక వచ్చింది, పక్కింటివారి అబ్బాయి ఏ దేశం వెళ్ళాడు అని చూసుకుంటూ పరుగెత్తే మనలను గీత చివర నిలబడి ఆయన ఎంతసేపటి నుండి పిలుస్తున్నాడో.

ఇక్కడ ఒక హెచ్చరిక. పౌలు ఉపమానాన్ని చివరిదాకా లాగకూడదు. పందెంలో ఒక్కడికే బహుమానం. విశ్వాసంలో అలా కాదు. ఒక్కడికే దొరుకుతుందన్నట్టు గట్టిగా పరుగెత్తమన్నాడు గాని, ఒక్కడికే దొరుకుతుందని చెప్పలేదు. చివరి రోజుల్లో తిమోతికి రాసిన రెండో పత్రికలో తనకోసం దాచిన కిరీటాన్ని తలుచుకుని, వెంటనే, అది నాకు ఒక్కడికే కాదు, ప్రభువు రాకను ప్రేమించే అందరికీనని చేర్చాడు. మరణం ఎదురుగా ఉండగా కూడా ఆయనకు ఆ మాట చేర్చాలనిపించింది. కాబట్టి నీ పక్క గీతలో ఉన్నవాడు నీకు పోటీదారుడు కాడు. వాడు పడితే నీకు మొదటి స్థానం రాదు.

మరి పోటీ లేనప్పుడు నియమమెందుకు? అదే తిమోతి రెండో పత్రిక రెండో అధ్యాయంలో పౌలు నియమం ప్రకారం పోరాడనివాడికి కిరీటం లేదన్నాడు. గ్రీకులు ఈ విషయంలో చాలా కఠినులు. ఈల వేయకముందే పరుగు తీసినవాడిని మనమైతే వెనక్కి పిలిచి గీతమీద నిలబెడతాం. వారు కర్రతో కొట్టేవారు. సలమీ యుద్ధానికి ముందు జరిగిన సభలో ఒక కొరింథు సేనాని ఏథెన్సువాడైన థెమిస్టొక్లీసును ఈ మాటతోనే ఎత్తిపొడిచాడట, ముందుగా బయలుదేరేవాడికి పందెంలో దెబ్బలు పడతాయని. వెనకబడ్డవాడికి కిరీటమూ దొరకదని ఆయన జవాబిచ్చాడట. ఇది క్రీస్తుపూర్వం 480 నాటి మాట. ఇస్త్మియాలో తవ్వకాలు జరిపితే పౌలుకు చాలా ముందు కాలపు ప్రారంభ స్థలం బయటపడింది. రాతిమీద గాడులు చెక్కి, వాటి వెంట తాళ్ళు లాగి, పరుగుగాళ్ళ ముందున్న చిన్న అడ్డుకర్రలన్నీ ఒక్కసారే పడేటట్టు ఏర్పాటు. ఆ తాళ్ళు పట్టుకునేవాడు వెనక గుంటలో నిలబడేవాడు. ఒక్క అడుగు ఎవరూ ముందు వేయకూడదని అంత శ్రమ!

ఒలింపియాలో ఇంకో ఏర్పాటు ఉంది. లంచమిచ్చి గెలిచినవారి మీద జరిమానా వేసి, ఆ డబ్బుతో కంచు విగ్రహాలు పోయించి, మైదానంలోకి వెళ్ళే దారి పక్కన వరుసగా నిలబెట్టేవారు. మొదటి ఆరు క్రీ.పూ. 388లో ఎదుటివారికి డబ్బిచ్చి గెలిచిన యూపొలుస్ అనే ముష్టియుద్ధం వాడి వ్యవహారంలో పెట్టినవి. విగ్రహాలు పోయాయి గాని వాటి కింది రాతి దిమ్మెలు ఈనాటికీ ఉన్నాయి. పందెానికి వెళ్ళే ప్రతి కుర్రవాడు ఆ వరుస పక్కగా నడిచి వెళ్ళాలి. గెలిచినవారి పేర్లతోపాటు తప్పుచేసినవారి పేర్లూ రెండువేల నాలుగువందల ఏళ్ళుగా నిలిచాయి.

నూరేళ్ళ పండుగనాడు ఈ మాట అంటే పెద్దలు కోపగించుకోకండి. మన సంఘాలలో కమిటీ ఎన్నికలనాడు వచ్చేంతమంది మంచి శుక్రవారంనాడు రారు. జాబితాలో పేర్లు చేర్చడం, తీసివేయడం, తీర్పుకోసం ప్రభువు బల్ల దగ్గరనుండి లేచి కోర్టు మెట్లెక్కడం మనమందరం చూశాం. కొందరం చేశాం. మన గుడి దారిలో అటువంటి దిమ్మెలు పెడితే కారు లోపలికి రావడానికి చోటుండదు. ఇంతటితో ఆపుతాను. ఇతరుల పేర్లు చెక్కే హక్కు నాకు లేదు, ఎందుకంటే ఒక దిమ్మె నాది.

దానికి ముందు ఎరిక్ లిడెల్ సంగతి చెప్పాలి. మన యువకులకు ఆయన తెలుసు. 1981లో వచ్చిన సినిమా చాలామంది చూశారు. స్కాట్లాండు దేశస్థులైన మిషనరీల బిడ్డ, 1902లో చైనాలో పుట్టాడు. ఆయనను పంపిన లండన్ మిషనరీ సొసైటీవారే మన తెలుగునాట విశాఖపట్టణంలో, కడపలో, గుత్తిలో, జమ్మలమడుగులో పనిచేశారు. అంటే ఆయన మనకు దూరపు చుట్టం. 1924లో పారిస్ ఒలింపిక్సులో నూరు మీటర్ల పందెం తొలి పోటీలు ఆదివారంనాడు పడ్డాయి. ఆయన పరుగెత్తనన్నాడు. సినిమాలో ఓడ ఎక్కేటప్పుడు ఈ సంగతి తెలిసినట్టు చూపించారు. నిజానికి నెలల ముందే తెలుసు. ఆ నెలలన్నీ ఆయన ఏం చేశాడు? నాలుగువందల మీటర్లకు సాధన చేశాడు. డ్రిల్లు మాస్టారుగా నాకు దీని బరువు తెలుసు. నూరు మీటర్లవాడు నాలుగువందలకు మారడమంటే ఊపిరి మార్చుకోవాలి, అడుగు మార్చుకోవాలి. ఆదివారం పరుగెత్తనని చెప్పడానికి ఒక నిమిషం చాలు. ఆ మాట నిలబెట్టుకోవడానికి నెలల కొద్దీ చెమట పట్టింది. జూలై 11న 47.6 సెకండ్లలో పరుగెత్తి బంగారు పతకం తీసుకున్నాడు. అది అప్పటి ఒలింపిక్ రికార్డు. మరుసటి ఏడు చైనాకు సేవకు వెళ్ళిపోయాడు.

మనం కథ ఇక్కడ ఆపుతాం. నాకు ఇష్టమైనది తరువాతి భాగం. యుద్ధకాలంలో జపానువారు ఆయనను 1943లో వెయ్‌శ్యెన్ అనే చోట నిర్బంధ శిబిరంలో పెట్టారు. తలిదండ్రులకు దూరమైన పిల్లలు చాలామంది ఆ గోడల మధ్య ఉన్నారు. ఆయన వారికి ఆటలు పెట్టేవాడు, ఆదివారం మాత్రం పెట్టేవాడు కాదు. ఒక ఆదివారం పిల్లలు తమంతట తాము హాకీ ఆడబోయి, చూసేవారెవరూ లేక కొట్టుకున్నారు. తరువాతి ఆదివారం లిడెల్ వచ్చి మైదానంలో నిలబడి ఆట నడిపించాడు. ఒలింపిక్ పతకం కోసం విడువని ఆదివారాన్ని పిల్లలు కొట్టుకోకుండా ఉండడం కోసం ఇచ్చాడు. నియమాన్ని తన మేలు కోసం వంచనివాడే ఇతరుల మేలు కోసం దాన్ని ఎలా వాడాలో తెలిసినవాడు. 1945 ఫిబ్రవరి 21న మెదడులో కణితితో ఆ శిబిరంలోనే చనిపోయాడు. వయసు 43.

ఇప్పుడు నా దిమ్మె.

1979లో నాకు ముప్పైరెండేళ్ళు. ఒక హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుని. ఆదివారం ఉదయం సండే స్కూలు నడిపేవాణ్ణి. మా స్కూలు కుర్రవాడొకడు నాలుగువందల మీటర్లలో గట్టివాడు. మన సంఘం పిల్లవాడే, నా దగ్గర కంఠత వాక్యాలు అప్పజెప్పేవాడు. తెల్లవారి అయిదింటికి లేపి, నానబెట్టిన శనగలు పెట్టి నేనే తయారుచేశాను. జిల్లా స్కూళ్ళ పోటీలు వచ్చాయి. వాడికి పదహారేళ్ళు. పెద్దవాళ్ళ వర్గంలో పెడితే నాలుగో అయిదో స్థానం వస్తుంది. పద్నాలుగేళ్ళ లోపువారి వర్గంలో పెడితే మొదటి స్థానం. వాడు మనిషి పొట్టి, మీసం రాలేదు. దరఖాస్తులో పుట్టిన సంవత్సరం నేనే మార్చాను. అడ్మిషన్ రిజిస్టరుతో సరిచూశానని కింద సంతకం నేనే పెట్టాను. నన్నెవరూ బలవంతం చేయలేదు. "అన్ని స్కూళ్ళవాళ్ళూ చేస్తున్నారు" అని మనసులో అనుకున్నాను. ఈ మాట మీకు కొత్త కాదు గదా.

ఒలింపియాలో బాలుర వర్గానికి వచ్చే పిల్లలను పరీక్షించేవారు కూడా, లంచం తీసుకోకుండా న్యాయంగా తేలుస్తామని ప్రమాణం చేసేవారట. ఈ సంగతి రిటైరైన తరువాత ఒక పుస్తకంలో చదివాను. అన్యులు, రాతి విగ్రహాల ముందు చేసిన ప్రమాణం. నేను బాప్తిస్మం పొందినవాణ్ణి.

మావాడు మొదట వచ్చాడు. రెండో స్థానం వచ్చిన పిల్లవాడు ఏదో ఊరి హాస్టలు నుండి వచ్చినవాడు. చెప్పుల్లేవు, చిరుగు బనీను. పందెం అయిపోయాక అందరూ కప్పు చుట్టూ చేరితే, వాడు ఆఖరి గీత దగ్గర కూర్చుని సున్నం వేలితో ముట్టుకుంటూ ఉన్నాడు. నేను అటు వెళ్తుంటే లేచి నిలబడి, "సార్, నాకెంత తక్కువైంది?" అని అడిగాడు. "రెండు గజాలు" అన్నాను. వాడు ఆలోచించి, "వచ్చే ఏడు ఇంకో రెండు గజాలు ఎక్కువ పరుగెత్తుతాను సార్" అన్నాడు. నా మీద వాడికి ఏ అనుమానమూ లేదు. మొదట వచ్చినవాడినే రాష్ట్రపు పోటీలకు పంపారు. మరుసటి ఏడు నేను ఆ పిల్లవాడి కోసం మైదానమంతా చూశాను. రాలేదు.

ఆ పోటీలైన ఆదివారం నేను గుడిలో పత్రిక పాఠం చదివాను. తరువాత సండే స్కూల్లో పిల్లలకు పాఠం చెప్పాను. ఏ పాఠమో గుర్తులేదు గాని బాగానే చెప్పి ఉంటాను. ఇక మొదట నేను ఆగిపోయిన మాట సంగతి. ఆ అధ్యాయం చివర పౌలు తన శరీరాన్ని గుద్ది లొంగదీసుకుంటున్నానంటాడు. ఆ గుద్దడానికి వాడిన గ్రీకు మాటకు కంటి కింద కమిలేలా కొట్టడమని అర్థమట. ఎందుకలా? ఇతరులకు ప్రకటించి తానే భ్రష్టుడైపోతానేమోనని. ప్రకటించడమనే మాట మైదానంలో పేర్లు పిలిచే చాటింపువాడికి సంబంధించినది. ఎవరు పరుగెత్తుతున్నారో, ఎవరు గెలిచారో గట్టిగా చాటేది వాడే. భ్రష్టుడని మన బైబిలులో ఉన్న మాట, పరీక్షలో నిలవక తోసివేయబడినవాడని చెబుతుంది. అందరి పేర్లూ పిలిచి చివరికి తన పేరే కొట్టివేయబడుతుందేమోనని అపొస్తలుడైన పౌలు భయపడ్డాడు. బయటివారి గురించి కాదు ఆ భయం. పాఠం చదివేవాడికి, కానుక పళ్ళెం పట్టేవాడికి, ఈ మైకు ముందు నిలబడ్డవాడికి సంబంధించిన భయం.

గ్రీకుల దగ్గర ఇంకో పందెం ఉండేది. ఏథెన్సులో బలిపీఠం దగ్గర దివిటీ వెలిగించి ఊళ్ళోకి పరుగెత్తడం. ముందు వచ్చినా దివిటీ ఆరిపోతే గెలుపు లేదు. చేతులు మార్చుకుంటూ పరుగెత్తే పద్ధతి కూడా ఉండేది. మన రిలే పందెం దాని మనుమడే అనుకోవచ్చు. రిలేలో నేను పిల్లలకు పరుగు కంటె కర్ర అందించడమే ఎక్కువ నేర్పేవాణ్ణి. మా రోజుల్లో నాలుగు నూర్ల రిలేకు ఇరవై మీటర్ల హద్దు ఉండేది, ఇప్పుడు ముప్పై చేశారు. ఆ హద్దులో కర్ర చేతులు మారకపోతే నలుగురూ ఎంత వేగంగా వచ్చినా లెక్కలోకి రాదు. నూరేళ్ళ క్రితం మన తాత ముత్తాతలకు ఉపదేశులు వేపచెట్టు కింద, లాంతరు వెలుగులో అందించింది చేతులు మారుతూ ఇంతదూరం వచ్చింది. నా చేతినుండి తరువాతివాడి చేతిలోకి ఏం వెళ్ళిందో 2003లో తెలిసింది.

ఒక సాయంత్రం మావాడు మా ఇంటికి వచ్చాడు. మంచి ఉద్యోగం, స్కూటరు మీద వచ్చాడు. వెనక కొడుకు. "మాస్టారూ, వీడు నాకంటె బాగా పరుగెత్తుతాడు. స్పోర్ట్సు స్కూలు సెలెక్షన్లు ఉన్నాయి. వయసు ఒక్క ఏడాది ఎక్కువైంది. మీకు తెలిసినవారున్నారు గదా, అప్పుడు నాకు చేసినట్టే వీడికీ చేయండి" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు, ప్రేమతోనే అన్నాడు. పిల్లవాడు పక్కన నిలబడి వింటున్నాడు.

నేను ఆ పిల్లవాడి తండ్రికి ఎన్నో వాక్యాలు కంఠత పట్టించాను. అతనికి గుర్తున్నవి ఎన్నో నాకు తెలియదు. ఇది గుర్తుంది.

చేయనన్నాను. 1979లో చేసింది తప్పని, తనకు కూడా నేను అన్యాయం చేశానని, కొడుకు ఎదుటే చెప్పాను. అతను కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, "మీకు కప్పు కావలసినప్పుడు తప్పు కాలేదా మాస్టారూ?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. కాఫీ ముట్టుకోకుండా వెళ్ళిపోయాడు. అప్పటినుండి మా గుడికి రావడం మానేసి ఇంకో సంఘానికి వెళ్తున్నాడు. పండుగకు శుభాకాంక్షల కార్డు పంపుతాను, జవాబు రాదు. నేను చెప్పిన తీరు సరైనదో కాదో నాకు తెలియదు. కొడుకును బయటికి పంపి చెప్పవలసిందేమో. మా ఇంటావిడ అదే అంటుంది.

ఈ ప్రసంగానికి ఒప్పుకున్న వారంలో నేను ఆ స్కూలుకు వెళ్ళాను. హెడ్మాస్టరు కుర్చీలో ఇప్పుడొక అమ్మాయి ఉంది, నా మనుమరాలి వయసుండొచ్చు. జరిగిందంతా కాగితం మీద రాసి సంతకం చేసి ఆమెకిచ్చాను. ఆమె చదివి, లేచి, నన్ను అద్దాల బీరువా దగ్గరికి తీసుకువెళ్ళింది. కప్పు ఉంది. పూత లేచిపోయి, ఒక చెవి ఊడిపోయి, లోపల రబ్బరుబ్యాండ్లు వేసి ఉన్నాయి. "మాస్టారుగారూ, దీనిమీద పేరు కూడా చెరిగిపోయింది. ఏ సంవత్సరానిదో మాకెవరికీ తెలియదు" అంది. కాగితం మాత్రం తీసుకుని ఫైల్లో పెట్టింది.

వాడిపోయే కిరీటమని పౌలు అన్నది రాసుకోండి. నేను చూసి వచ్చాను.

ఇక నాకొక మనవి ఉంది. కార్యదర్శిగారు దీన్ని సంచికలో అచ్చువేస్తామన్నారు, అన్ని పాస్టరేట్లకూ వెళ్తుందన్నారు. అందుకే అడుగుతున్నాను. ఆ రెండో పిల్లవాడి పేరు నేను ఆనాడు అడగలేదు. ఊరు తెలియదు. ఇప్పుడు బ్రతికుంటే అరవై ఏళ్ళవాడై ఉంటాడు. 1979లో జిల్లా స్కూళ్ళ పోటీలలో చిన్నవాళ్ళ వర్గంలో నాలుగువందల మీటర్లు చెప్పుల్లేకుండా పరుగెత్తి, రెండు గజాల తేడాతో రెండో స్థానం వచ్చిందని ఎవరైనా ఇంట్లో తండ్రో, మామయ్యో, పెదనాన్నో చెప్పగా మీరు విని ఉంటే, దయచేసి మీ అయ్యగారితో ఒక మాట చెప్పండి. ఆయన నా దగ్గరికి రానక్కరలేదు. మోకాళ్ళ నొప్పులున్నా బస్సెక్కగలను. నేనే వస్తాను.